గట్టు వెంట చుట్టు నడక

ఒక గట్టున వెళ్లి, వంతెన దాటి, రెండో గట్టున వెనక్కి రావడం. పాత పంట కాలువల వెంట ఇలా నడిస్తే ఒంటికి మేలు, మనసుకు హాయి. మరి ఎంత దూరం నడవాలి? ఎవరెవరు జాగ్రత్తగా ఉండాలి?

డాక్టరు నడవమన్నారని బూట్లు కొనుక్కునేవాళ్లు చాలామందే ఉంటారు. మూడు నెలలు గడిచేసరికి ఆ బూట్లు చెప్పుల స్టాండులో అడుగు అరకు చేరిపోతుంటాయి. దీనికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. అపార్ట్‌మెంటు చుట్టూ ఇరవై రౌండ్లు, పార్కులో అదే ట్రాకు మీద పది రౌండ్లు కొడుతుంటే కాళ్లకు పని ఉంటుంది గానీ కళ్లకూ మనసుకూ ఏమీ ఉండదు. పైగా ఎప్పుడు విసుగొస్తే అప్పుడు ఆపేసి ఇంట్లోకి వెళ్లిపోవచ్చు. ఆ వీలుంది కాబట్టే ఆపేస్తాం కూడా.

చుట్టు నడకలో ఆ వీలుండదు. వెళ్లిన దారిన కాకుండా వేరే దారిన తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. సగం దూరం దాటాక ముందుకెళ్లడమే ఇంటికి రావడం. చూసిందే మళ్లీ చూడాల్సిన పని లేదు. ఇలాంటి నడకకు పాత పంట కాలువ గట్లంత అనువైన చోటు మరొకటి దొరకడం కష్టం. ఎందుకంటే వీటిలో చాలావాటిని నీళ్లు పారడానికే కాదు, మనుషులు నడవడానికి కూడా వేశారు.

తాడు పట్టుకుని నడిచిన దారి

గోదావరి డెల్టా ఇప్పుడు పచ్చగా కనిపిస్తుంది గానీ, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పరిస్థితి వేరు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు, గోదావరి ప్రాంతాలను ఊడ్చేసింది. 1839లో ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచేసింది. నది నిండా నీళ్లున్నా పొలానికి చేరే దారి లేదు. ఆ దారి వేయడానికి సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో. అది పూర్తయింది 1852లో. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ తలుచుకుంటారు. ఆనకట్ట నుంచి తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర కాలువలు బయల్దేరాయి.

రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో ఈ కాలువలే రోడ్లు. ధాన్యం, కొబ్బరి, పెళ్లివారు, బడిపిల్లలు అందరూ పడవల మీదే వెళ్లేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే పడవకు తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. అలా లాగాలంటే గట్టు తెగకుండా సాగాలి. ఎత్తుపల్లాలు ఉండకూడదు. నీటి వాలూ తక్కువగా ఉండాలి, లేకపోతే పడవ ఎదురెక్కదు. నేల పల్లమైన చోట ఆ తేడానంతా ఒకేచోటికి తెచ్చి లాకులు కట్టారు. మెట్ల లాంటి ఆ లాకుల మధ్య కాలువ దాదాపు సమతలంగానే సాగుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ, చాలాకాలం తర్వాత నడక మొదలుపెట్టేవాళ్లకీ కావాల్సింది సరిగ్గా ఇలాంటి దారే. ఎక్కడం ఉండదు కాబట్టి ఆయాసం ఒక్కసారిగా పెరగదు. దిగడం ఉండదు కాబట్టి మోకాలి చిప్ప మీద అదనపు ఒత్తిడి పడదు. గట్టు మట్టిదైతే సిమెంటు రోడ్డు కన్నా పాదానికి మెత్తగానూ ఉంటుంది.

లొల్ల లాకుల నుంచి

ఒక ఆదివారం కుటుంబంతో ప్రయత్నించడానికి కోనసీమలోని లొల్ల లాకులు చక్కటి చోటు. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన మధ్య డెల్టా కాలువ ఆత్రేయపురం మీదుగా లొల్ల చేరి, అక్కడ పాయలుగా విడిపోతుంది. సినిమాల్లో చాలాసార్లు కనిపించిన చోటు ఇది. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి కాలువ వెంటే రావచ్చు. జాతీయ రహదారిలో వచ్చేవాళ్లకు రావులపాలెం దగ్గర. దారిలో ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం చూస్తే, తర్వాత కాలువ గట్టు మీద కనిపించే ప్రతి కట్టడం పిల్లలకు అర్థమవుతుంది.

నడక మొదలుపెట్టే ముందు లాకుల దగ్గర కాసేపు ఆగండి. పడవ ఎలా దిగేదో పిల్లలకు చెప్పండి. ఎగువ నుంచి వచ్చిన పడవ రెండు తలుపుల మధ్య ఉన్న తొట్టి లాంటి గదిలోకి వస్తుంది. వెనక తలుపు మూస్తారు. గదిలోని నీటిని మెల్లగా దిగువకు వదులుతారు. నీటితో పాటు పడవా దిగుతుంది. రెండువైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపు తెరుస్తారు. ఎదురు వచ్చే పడవను ఎక్కించాలంటే ఇదే పని తిరగేసి చేస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. పని అంతా నీటి బరువుదే.

అక్కడి నుంచి కాలువ ఎగువకు, ఆత్రేయపురం వైపు నడవండి. ఒకవైపు నీళ్లు, మరోవైపు కొబ్బరితోటలు, అరటితోటలు, వరిచేలు. బాతులు, కొంగలు, లకుముకి పిట్టలు. ఏదో ఒక వంతెన దగ్గర అవతలి గట్టుకు దాటి వెనక్కి తిరగండి. బయల్దేరే ముందే ఫోన్‌లో మ్యాపు తెరిచి వంతెనలు ఎక్కడెక్కడ ఉన్నాయో, మొత్తం ఎంత దూరం అవుతుందో కొలుచుకోవాలి. అవతలి గట్టు ఎంతవరకు నడకకు బాగుందో స్థానికులను అడగడం మంచిది. వానాకాలంలో మట్టిగట్టు బురదవుతుంది.

వాహనాలు తిరిగే గట్టు మీద ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన, ఒకరి వెనక ఒకరు నడవాలి. శనివారాలు ఈ దారి ఎంచుకోవద్దు. దగ్గర్లోని వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే భక్తులతో ఆ రోజు రద్దీ ఎక్కువ. మొక్కున్నవాళ్లు ఎలాగూ అక్కడ ఏడు ప్రదక్షిణలు చేస్తారు. ఆ రోజుకు అదే చుట్టు నడక అనుకోవచ్చు!

వంతెనలే నిచ్చెన మెట్లు

కాలువను పైనుంచి చూస్తే నిచ్చెనలా ఉంటుంది. రెండు గట్లు నిచ్చెన బొంగులు, వంతెనలు మెట్లు. మొదటి మెట్టు దగ్గర దాటితే చిన్న చుట్టు. రెండో మెట్టు దాకా వెళితే మధ్యస్థం. మూడో మెట్టుకు పెద్ద చుట్టు. ఇంట్లో 10 ఏళ్ల పిల్లాడు, 40 ఏళ్ల అమ్మ, 70 ఏళ్ల తాతయ్య కలిసి బయల్దేరి ఎవరికి తగ్గ వంతెన దగ్గర వాళ్లు తిరగొచ్చు. అందరూ చేరేది మాత్రం బయల్దేరిన చోటికే. పెద్దవాళ్లతో ఒకరు తోడు ఉండాలి.

దూరం ఎంచుకోవడానికి ఒక లెక్క ఉంది. మామూలు నడకలో గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు వెళతాం. ఇప్పటిదాకా నడక అలవాటు లేనివాళ్లు మొత్తం 2 కిలోమీటర్లు మించని చుట్టుతో మొదలుపెట్టాలి. అంటే అరగంట. అది సులువుగా అనిపించాక వారం వారం కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. మొదటి రోజే 8 కిలోమీటర్లు నడిచి, తర్వాత వారం రోజులు మడమ పట్టుకుని కూర్చుంటే ఫలితం లేదు.

ఒక్క నియమం మరిచిపోవద్దు. ప్రతి వంతెన దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఊపిరి సరిగా ఆడుతోందా? మోకాలు, మడమ ఏమైనా చెబుతున్నాయా? సీసాలో ఇంకా సగం పైన నీళ్లున్నాయా? మూడింటికీ బాగుందన్న జవాబు వస్తేనే తర్వాతి వంతెనకు వెళ్లాలి. ఒక్కటి తేడా ఉన్నా అక్కడే దాటేసి వెనక్కి తిరగాలి. చుట్టు నడకలో మధ్యలో ఆపే వీలుండదన్నాం కదా! అది మనల్ని నడిపించే బలం, అదే అతిగా నడిపించే ప్రమాదం కూడా. పార్కులో అయితే అలసిపోయినచోట బెంచీ ఉంటుంది. గట్టు మీద అలసిపోతే ఇంకా అంత దూరమూ నడవాలి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శారీరక శ్రమ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చురుకైన నడక అందులోకే వస్తుంది. గంటన్నర చుట్టు నడకతో 90 నిమిషాలు ఒక్కరోజే జమ అవుతాయి. వారమంతా కుదరక ఆదివారం మాత్రమే నడిస్తే లాభం ఉంటుందా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో దాదాపు 90 వేల మందిని పరిశీలించిన 2023 నాటి అధ్యయనం దీనికి ఊరటనిచ్చే జవాబు చెప్పింది. వారానికి సరిపడా శ్రమను ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా చేసినవాళ్లకూ, వారమంతా పంచుకుని చేసినవాళ్లకూ గుండె జబ్బుల ముప్పు దాదాపు ఒకేలా తగ్గింది.

మధుమేహం ఉన్నవాళ్లకు మాత్రం ఆదివారం ఒక్కటే చాలదు. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకుంటాయి. కండరాలు ఇన్సులిన్‌కు బాగా స్పందించే ఈ గుణం ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి శ్రమ లేకుండా ఉండొద్దంటారు వైద్యులు. ఆదివారం గట్టు మీద పెద్ద చుట్టు, మిగతా రోజుల్లో భోజనం తర్వాత ఇంటి దగ్గరే పావుగంట నడక పెట్టుకుంటే రెండూ కుదురుతాయి.

అడుగుల లెక్కతో బెంగ పడేవాళ్లకూ ఒక మాట. రోజుకు 10,000 అడుగులన్న అంకె వైద్య పరిశోధనలోంచి వచ్చింది కాదు. 1960ల్లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలో సగటు వయసు 72 ఏళ్లున్న దాదాపు 17 వేల మంది మహిళలను గమనించిన 2019 నాటి అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లలోనే మరణాల ముప్పు బాగా తక్కువగా కనిపించింది. 7,500 దగ్గరకు వచ్చేసరికి ఆ లాభం ఒక స్థాయిలో నిలిచిపోయింది.

మనసు మాటేమిటి? ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందితో చేసిన సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వారంలో కనీసం 120 నిమిషాలు చెట్టూ చేమా, నీళ్ల దగ్గర గడిపేవాళ్లు తమ ఆరోగ్యం, మానసిక స్థితి బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ 120 నిమిషాలు ఒకేసారి గడిపినా, విడివిడిగా గడిపినా తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయటకు వెళతారన్నదీ నిజమే కావచ్చు. అయినా ఫోన్ జేబులో పెట్టి పారే నీటి పక్కన గంటసేపు నడిస్తే తల తేలికపడుతుందని ఎవరికి వారు తెలుసుకోవచ్చు.

వేగం ఎంత?

పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చురుకైన నడకకు ఇదే గుర్తు. హాయిగా పాడగలిగితే వేగం పెంచాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించాలి.

గట్టు సమతలంగా ఉంటుంది కాబట్టి గుండెకు పని పెంచే సాధనం వేగమొక్కటే. జపాన్ పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. 3 నిమిషాలు వేగంగా, 3 నిమిషాలు నెమ్మదిగా, ఇలా ఐదుసార్లు. గడియారం చూడటం ఇష్టం లేకపోతే కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకోవచ్చు. మొదటి 10 నిమిషాలు, చివరి 10 నిమిషాలు మాత్రం నెమ్మదిగానే నడవాలి.

ఎవరెవరు జాగ్రత్త పడాలి?

* మధుమేహులు: ఇన్సులిన్ గానీ, షుగరు బాగా తగ్గించే రకం మాత్రలు గానీ వాడేవాళ్లు బయల్దేరే ముందు గ్లూకోజు చూసుకోవాలి. 100 లోపు ఉంటే ఏదైనా తిని వెళ్లాలి. 250 దాటి, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు మానుకోవాలి. జేబులో గ్లూకోజు పొడి లేదా పంచదార ఉండాలి. చెమటలు, వణుకు, తికమక మొదలైతే కూర్చుని మూడు చెంచాలు తీసుకోవాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తీసుకోవాలి. అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు చెప్పులతో నడవకూడదు. మెత్తటి మేజోళ్లు, మడమ నిండుగా మూసే బూట్లు వేసుకోవాలి. ఇంటికొచ్చాక పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి.

* గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు: ఎంత దూరం నడవొచ్చో ముందే డాక్టరును అడగాలి. నడుస్తుంటే ఛాతీ బిగపట్టినట్టున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా వెంటనే ఆగి కూర్చోవాలి. 108కు ఫోన్ చేయాలి. గ్యాస్ అనుకుని నడక కొనసాగించొద్దు.

* మోకాలి నొప్పి ఉన్నవాళ్లు: నడిచేటప్పుడు కాస్త నొప్పి ఉండి మర్నాటికి తగ్గిపోతే భయం లేదు. మర్నాడూ నొప్పి పెరిగే ఉందంటే దూరం ఎక్కువైందని అర్థం. తర్వాతిసారి ఒక వంతెన ముందే తిరగాలి.

* కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు: కోనసీమ వెళ్లి కొబ్బరినీళ్లు తాగకుండా రావడం కష్టమే. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. డాక్టరు వద్దన్నవాళ్లు తాగకూడదు. ఎన్ని మంచినీళ్లు తాగాలన్నదీ డాక్టరు చెప్పిన కొలతనే పాటించాలి. మిగతావాళ్లు గంటకు అర లీటరు లెక్కన నీళ్లు వెంట ఉంచుకుంటే చాలు.

నీటి పక్కన నడిచేటప్పుడు

కాలువ చూడటానికి నెమ్మదిగా కనిపిస్తుంది. లోతు, లోపలి ఉరవడి పైకి తెలియవు. లాకుల దగ్గరా, తూముల దగ్గరా నీరు సుడి తిరుగుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ దిగకూడదు. సెల్ఫీల కోసం లాకు తలుపుల మీదకు, నాచు పట్టిన మెట్ల మీదకు వెళ్లొద్దు. పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్లకు లోపలి వైపు, అంటే నీటికి దూరంగా నడవాలి. ఎవరైనా నీళ్లలో పడితే వెంట దూకకుండా తాడో, చీరో, పొడవాటి గెడో అందించి కేకలు వేయాలి.

వెలుతురు వచ్చాకే బయల్దేరాలి. గట్ల మీద గడ్డిలో పాములుంటాయి. పాము కరిస్తే తాడుతో బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి, మందు ఉన్న ఆసుపత్రికి వీలైనంత త్వరగా చేర్చాలి.

నడకకు మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, నీళ్లుండవు. తీర ప్రాంతపు ఉక్కలో చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. మార్చి తర్వాత నడవాలనుకుంటే 8 గంటలకల్లా ముగించాలి.

పూతరేకుల లెక్క

65 కిలోల బరువున్న మనిషి 5 కిలోమీటర్లు నడిస్తే ఇంచుమించు 250 కిలో కేలరీలు ఖర్చవుతాయి. ఆత్రేయపురం దాకా వచ్చి పూతరేకులు తినొద్దని చెప్పడం న్యాయం కాదు. కానీ నెయ్యి, పంచదార కలిసిన ఆ పొరలు నాలుగు నోట్లో కరిగేసరికి నడిచిందంతా చెల్లు. ఒకటి తిని, మిగతా డబ్బా చుట్టాలకు ఇవ్వండి. మధుమేహం ఉన్నవాళ్లు బెల్లం పూతరేకులైతే ఫరవాలేదనుకోవద్దు. చక్కెరైనా, బెల్లమైనా రక్తంలో చేరేది గ్లూకోజే.

మీ ఊరి కాలువ

దీనికోసం అందరూ కోనసీమే వెళ్లనక్కర్లేదు. విజయవాడవాళ్లకు బందరు, ఏలూరు, రైవస్ కాలువలున్నాయి. ఊరు దాటి పల్లెల్లోకి వెళ్లాక గట్లు బాగుంటాయి. రాయలసీమలో పడవలూ తిరిగేలా తవ్విన కర్నూలు-కడప కాలువ ఉంది. నాగార్జునసాగర్ ఎడమ, కుడి కాలువలు, నిజాంసాగర్ కాలువ, కాకతీయ కాలువ ఎన్నో ఊళ్ల పక్క నుంచే పోతాయి. సిమెంటు లైనింగు ఉన్న పెద్ద కాలువల్లో జారితే పైకి ఎక్కి రావడం చాలా కష్టం. కాబట్టి అక్కడ అంచుకు బాగా దూరంగా నడవాలి. వంతెనలు దగ్గర దగ్గరగా ఉన్న చోటు, ఒక గట్టైనా వాహనాలు లేనిది, నలుగురూ తిరిగేది చూసి ఎంచుకోండి.

ఇక గట్టు మీద నడిచేవాళ్లు కళ్లారా చూసేది మరొకటుంది. ఒడ్డున కుప్పపోసిన ప్లాస్టిక్, నీటిని కప్పేసిన గుర్రపుడెక్క, అక్కడక్కడా కాలువలోకి తిప్పిన మురుగు. డెల్టాలో ఎన్నో ఊళ్ల మంచినీటి చెరువులను నింపేది ఈ కాలువ నీళ్లతోనే. కుళాయిలో వచ్చేది ఈ నీరేనని ఆ ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. కారులో పోయేవాళ్లకు ఇవేవీ కనిపించవు. మురుగు ఎక్కడ కలుస్తోందో, గట్టు ఎక్కడ కోసుకుపోతోందో ముందుగా తెలిసేది రోజూ నడిచేవాళ్లకే. అలాంటిది కనబడితే ఫోటో తీసి పంచాయతీకో, నీటిపారుదల శాఖకో పంపండి. మీరు తాగిన సీసా, తిన్న పూతరేకుల డబ్బా మాత్రం మీ సంచీలోనే వెనక్కి తెచ్చుకోండి. వచ్చే ఆదివారం మళ్లీ నడవాల్సింది ఆ గట్టు మీదే.